తప్పిపోయినవారి జాడ – ఆసుపత్రి దస్త్రములు

(పెనుగొండలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము వినగానే మీలో కొందరు, ఇది పోలీసులకును వైద్యులకును సంబంధించిన సంగతి గదా, పంచాయతీ సభ్యులమైన మాకు దీనితో ఏమి పని యని అనుకొనవచ్చును. కాని ఇంటిలోని మనిషి కనబడకపోయినప్పుడు ఆ ఇంటివారు మొదట పరుగెత్తుకొని వచ్చునది ఠాణాకు గాదు, మీ గుమ్మమునకు. వారిని వెంటబెట్టుకొని ఠాణాకు పోవువారు మీరు. ఆసుపత్రులకు ఫోను చేయించువారు మీరు. ఆ రాత్రి ఊరిలో ఏ మాట వ్యాపింపవలెనో, ఏ మాట వ్యాపింపరాదో, అదియు చాలవరకు మీ చేతిలోనిదే. కావుననే ఈ విషయమును మీ ముందుంచుచున్నాము.

పెనుగొండ ప్రాంతమునకు ఇది మరింత వర్తించును. ఇది వాసవీ కన్యకా పరమేశ్వరి క్షేత్రమగుటచే దూర ప్రాంతముల నుండి యాత్రికులు వచ్చుచు పోవుచు నుందురు. సమీపమున సిద్ధాంతము వద్ద వసిష్ఠ గోదావరి, దానిపై జాతీయ రహదారి వంతెన. వంతెన దాటినచో రావులపాలెము. అది వేరొక జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగిన పిదప మన పశ్చిమ గోదావరి జిల్లాకు భీమవరము కేంద్రమైనది. ఏలూరు తనదైన జిల్లాకు, రాజమహేంద్రవరము తూర్పు గోదావరి జిల్లాకు కేంద్రములైనవి. రావులపాలెము కోనసీమ జిల్లాలో చేరినది. పాలన సౌకర్యము కొరకు గీసిన ఈ గీతలు దారి తప్పిన మనిషికి తెలియవు. తెల్లవారుజామున ఏటిగట్టు వెంబడి నడచిపోయిన వృద్ధుడు మధ్యాహ్నమునకు ఏ జిల్లా ఆసుపత్రిలో, ఏ వార్డులో, పేరు తెలియని రోగిగా పరుండియుండునో ముందుగా చెప్పజాలము.

ఒక కుటుంబమును ఊహింతము. డెబ్బది యేండ్ల పెద్దాయన. చక్కెర వ్యాధికి పూటపూటకు ఇన్సులిను తీసుకొనుచున్నాడు. రెండేండ్లుగా జ్ఞాపకశక్తి సన్నగిల్లినది. వేకువనే కాలువగట్టుకు పోయి మరల రాలేదు. కోడలు పొరుగింటివారిని అడిగినది, కొడుకు పుంతలన్నియు తిరిగి వచ్చినాడు. ఇట్టి మనిషికి ఆహారము తప్పి రక్తములో చక్కెర పడిపోయినచో మాట తడబడును, నడక తూలును, చెమటలు పట్టును. చూచినవారు త్రాగియున్నాడని తలచి ప్రక్కకు తప్పుకొందురు. వెదకువారికి "తెల్ల పంచె, నీలి చొక్కా" అని మాత్రమే చెప్పినచో ఆయనను చూచియు ఎవరును ఆపరు. "చక్కెర వ్యాధి గలవాడు, తూలుచు కనబడినచో త్రాగుబోతు కాదు, వెంటనే 108కి చెప్పుడు" అని ఒక్క వాక్యము చేర్చినచో ప్రాణము దక్కవచ్చును. ఆ ఒక్క వాక్యము ఆసుపత్రి కాగితములలో నున్నది. ఆ కాగితము పోలీసులకు ఎట్లు అందవలెను, ఎంతవరకు అందవలెను అనునదే నేటి ప్రశ్న.

ముందుగా ఒక భ్రమను తొలగింపవలెను. ఇరువదినాలుగు గంటలు గడచిన గాని పోలీసులు ఫిర్యాదు తీసికొనరను మాట మన పల్లెలలో బాగుగా పాతుకొని యున్నది. అట్టి గడువు ఏ చట్టమునందును లేదు. మన రాష్ట్రమున ఠాణాలలో "మ్యాన్ మిస్సింగ్", "ఉమన్ మిస్సింగ్" అని కేసు నమోదు చేయు పద్ధతి కలదు. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డల విషయమున 2013 మే 10న సుప్రీంకోర్టు మరింత గట్టిగా ఆదేశించినది: బిడ్డ తప్పిపోయినట్లు ఫిర్యాదు వచ్చిన వెంటనే ఎఫ్.ఐ.ఆర్. నమోదు కావలెను, అపహరణయో అక్రమ రవాణాయో జరిగినదని భావించియే దర్యాప్తు ఆరంభింపవలెను. "ఇది మా హద్దు కాదు, వంతెన అవతలి ఠాణాకు పొండు" అను మాట వినవచ్చినచో, నేర సమాచారమును హద్దులతో నిమిత్తము లేక స్వీకరింపవలెనని 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెప్పుచున్నదని మీరు వినయముగనే గుర్తు చేయవచ్చును.

ఇక ఆసుపత్రి సంగతి. మనిషి కనబడనప్పుడు ఆసుపత్రి నుండి పోలీసులకు కావలసినది, నిదానముగ ఆలోచించిన, చాల స్వల్పము. ఇట్టి ఆనవాళ్లు గల మనిషి ఈ రెండు మూడు దినములలో మీ వద్ద చేరినాడా? 108 వాహనము ఎవరినైన తెచ్చి దింపినదా? అతనికి పూట తప్పరాని మందు ఏదైన నున్నదా, తప్పినచో ఎన్ని గంటలలో ప్రమాదము? ఒంటిపై శస్త్రచికిత్స మచ్చలు, ఎముకలో బిగించిన పలకలు, కట్టించుకొన్న పండ్లు ఏవైన కలవా? ఇంతే. పదేండ్ల క్రితము ఆ మనిషి ఏ జబ్బుతో వచ్చెను, వైద్యునితో తన కాపురమును గూర్చి ఏమి చెప్పుకొనెను అనునవి ఈ ప్రశ్నలలో లేవు.

ఆ కడపటి ప్రశ్న ఎంత బరువైనదో గోదావరి వాసులకు మేము చెప్పనక్కరలేదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నము మండలము కచ్చులూరు వద్ద పాపికొండల యాత్రకు బయలుదేరిన రాయల్ వసిష్ఠ బోటు మునిగినది. అందు 77 మంది యుండగా 26 మంది బ్రతికి బయటపడిరి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము బృందము ఆ బోటును అక్టోబరు 22న, అనగా ముప్పదియేడు దినములకు, ఒడ్డునకు చేర్చినది. అన్ని దినములు నీటిలో నున్న దేహమును ముఖము చూచి గుర్తించుట కన్నవారికైనను సాధ్యము కాదు. అప్పుడు మాట్లాడునవి బట్టలు, పచ్చబొట్టు, ఉంగరము. అవియు లేనిచో పండ్ల వరుస, పాత ఎక్స్‌రే, మోకాలిలో వేసిన లోహపు పలక, రక్తసంబంధీకుల డి.ఎన్.ఎ. పరీక్ష. దేహము దొరకనిచో, గుర్తింపు కుదరనిచో, ఏడేండ్లు కబురు లేని మనిషి మరణించినట్లు భావించు సాక్ష్య చట్టపు నియమము కొరకు ఆ కుటుంబము ఎదురుచూడవలసి వచ్చును. అంతవరకు భార్య వితంతువు కాదు, సుమంగళి కాదు; పొలము బిడ్డల పేరునకు మారదు. కావున ఆసుపత్రి దస్త్రము బ్రతికినవారి కొరకే గాక పోయినవారి కొరకును అవసరమగును.

మరి వైద్యుడు ఇచ్చునా? న్యాయవాదితో కక్షిదారు చెప్పుకొన్న మాటకును, భార్యాభర్తల నడుమ జరిగిన మాటకును మన సాక్ష్య చట్టము రక్షణ కల్పించినది. వైద్యునితో చెప్పుకొన్న మాటకు 1872 నాటి చట్టమునందు అట్టి రక్షణ లేదు; దాని స్థానమున వచ్చిన 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమమునందును లేదు. కాని వైద్యుని ధర్మమును 2002 నాటి భారత వైద్యమండలి నియమములు నిర్ణయించినవి. వృత్తిలో తెలిసిన రోగి రహస్యమును వెల్లడింపరాదు. న్యాయాధిపతి ఉత్తరువుపై న్యాయస్థానమున చెప్పవచ్చును. ఒక ఫలానా మనిషికిగాని సమాజమునకుగాని తీవ్రమైన ప్రమాదము స్పష్టముగ నున్నచో చెప్పవచ్చును. ప్రభుత్వమునకు తెలుపవలసిన అంటువ్యాధులను తెలుపవలెను. ఇందు రెండవది మనకు ముఖ్యము. ఇన్సులిను లేక తిరుగుచున్న వృద్ధునికి ప్రమాదము కలదా లేదా యని ఏ వైద్యుడును సందేహింపనక్కరలేదు.

పోలీసుల వైపు నుండి చూచిన, పూర్వపు క్రిమినల్ ప్రొసీజరు కోడులో 91వ సెక్షనుగా నుండి ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 94వ సెక్షనైన నిబంధన కలదు. దాని ప్రకారము ఠాణా అధికారి వ్రాతపూర్వకమైన ఉత్తరువుతో ఒక పత్రమును తెప్పించుకొనవచ్చును. ఇచ్చట ఒక చిక్కు గలదు. ఆ అధికారము దర్యాప్తు, విచారణ వంటి చట్టబద్ధమైన చర్యల కొరకు ఇవ్వబడినది. వయస్సు వచ్చిన మనిషి ఇల్లు విడిచి పోవుట నేరము కాదు. నేరమే లేనిచోట దర్యాప్తు ఉన్నదా యని ఒక ఆసుపత్రి అధికారి అడిగినచో అది మొండితనము కాదు, న్యాయమైన ప్రశ్నయే. తప్పిపోయిన పెద్దవారి దస్త్రములను గూర్చి మన దేశమున ప్రత్యేక శాసనము లేదు. అందుచేత ఒక ఆసుపత్రిలో నోటిమాటకు సర్వము చెప్పుటయు, మరొక ఆసుపత్రిలో కాగితము చూపినను పెదవి విప్పకుండుటయు జరుగుటకు వీలున్నది. రెండును తప్పే యని మా అభిప్రాయము.

ఈ కొరతను కొన్ని దేశములు గుర్తించినవి. కెనడాలో ఆల్బర్టా రాష్ట్రము 2011లో తప్పిపోయినవారి చట్టమును చేసినది. మన గోదావరి బిడ్డలు పలువురు స్థిరపడిన ఒంటారియో రాష్ట్రమున అట్టి చట్టము 2019 జూలై 1 నుండి అమలులోనున్నది. నేరము జరిగినట్లు ఆధారము లేకున్నను పోలీసులు న్యాయాధికారి ఉత్తరువు పొంది దస్త్రములు తెప్పించుకొనవచ్చును. ప్రాణము మీదికి వచ్చిన వేళ ఉత్తరువునకు ఆగక తామే అత్యవసర తాకీదు ఈయవచ్చును; కాని అట్టి తాకీదులను గూర్చి ప్రతి యేటను నివేదిక ప్రకటింపవలెను. అధికారము ఇచ్చుచునే లెక్క అడుగు పద్ధతి ఇది. మనకును ఇట్టిది వచ్చిన మేలని మేము తలచుచున్నాము.

"దస్త్రము ఆసుపత్రిది, ఇచ్చుట మానుట వారి యిష్టము గదా" యని కొందరందురు. ఈ వాదమునకు మన హైదరాబాదు నుండి పోయిన వ్యాజ్యములోనే సమాధానము దొరకినది. స్టాంపు చట్టపు 73వ సెక్షనును ఆంధ్రప్రదేశ్‌లో 1986లో సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తియైనను ఆవరణలలో ప్రవేశించి కాగితములు తనిఖీ చేయవచ్చునని, స్వాధీనపరచుకొనవచ్చునని చేసిరి. కెనరా బ్యాంకులో ఖాతాదారుల పత్రములు తనిఖీ చేయబోగా వ్యాజ్యము వచ్చినది. మన హైకోర్టు ఆ సవరణను కొట్టివేయగా, 2004లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయపరచినది. మనిషి తన కాగితమును నమ్మకముతో మరొకరి వద్ద ఉంచినంత మాత్రమున దానిపై తన గోప్యత హక్కును పోగొట్టుకొనడని అందు చెప్పినారు. తదుపరి 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. బ్యాంకులోని పత్రమునకే ఇంత రక్షణ యున్నప్పుడు ఆసుపత్రిలోని కాగితమును గూర్చి వేరుగ చెప్పవలెనా?

కొన్ని కాగితములకు చట్టము రెండవ తాళము కూడ వేసినది. హెచ్.ఐ.వి. సమాచారమును 2017 చట్టపు 8వ సెక్షను కాపాడుచున్నది. చికిత్స వంటి కొన్ని మినహాయింపులు తప్ప, రోగి అంగీకారముగాని న్యాయస్థానపు ఉత్తరువుగాని లేక దానిని వెల్లడింపరాదు. ఠాణా నుండి వచ్చిన చీటీ అందుకు చాలదు. గర్భవిచ్ఛిత్తి చేయించుకొన్న స్త్రీ పేరును, వివరములను చట్టము అధికారమిచ్చిన వ్యక్తికి తప్ప తెలుపరాదని 2021 సవరణ శాసించినది. తెలిపిన వైద్యునికి ఏడాది వరకు కారాగార శిక్ష కలదు. మానసిక వ్యాధి చికిత్సా వివరములకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రక్షణ కల్పించినది. ఎవరి ప్రాణమునకైనను ముప్పు గలిగినచో దానిని నివారించుటకు అవసరమైనంత మాత్రమే బయటపెట్టవచ్చును.

అవసరమైనంత మాత్రము. ఈ మాట వద్ద కొంచెము ఆగవలసియున్నది. 2023 జనవరి 27న ఇంగ్లండులో లాంకషైరు ప్రాంతమున నదీతీరమున నడచుచుండిన ఒక తల్లి అదృశ్యమైనది. ఆమె ఆరోగ్యస్థితిని పోలీసులు తెలిసికొనిరి. వెదకుటకు అది పనికివచ్చునదే. కాని ఫిబ్రవరి 15న వారు ఆమె పడుచున్న అంతరంగిక బాధలను, త్రాగుడు సంగతితో సహా, పత్రికలకు చెప్పిరి. నాలుగు దినములకు ఆమె దేహము నదిలో దొరకినది. మునిగి మరణించుట ప్రమాదవశమున జరిగినదని తరువాత విచారణలో తేలినది. పోలీసు శిక్షణ సంస్థ అదే సంవత్సరము నవంబరులో ప్రకటించిన సమీక్షలో, ఆ వెల్లడి అనవసరమైనదని, తప్పించుకొనదగినదని తేల్చినది. ప్రపంచమంతయు చదివిన ఆ మాటలను ఆమె బిడ్డలు పెద్దవారైన పిదపయు చదువగలరు. సమాచారము ఠాణాకు చేరుట ఒకటి, ఠాణా నుండి వీథికి చేరుట మరొకటి. లాంకషైరులో పత్రికలు చేసిన పనిని మన ఊళ్లలో రచ్చబండయు, సెల్‌ఫోనులోని వాట్సాప్ గుంపులును చేయుచున్నవి.

ఇందు మన పాత్రను దాచుకొన పనిలేదు. ఒక యువతి కనబడలేదనుకొనుడు. ఎస్.ఐ. గారితో గల చనువుచే సభ్యుడొకడు, "ఆసుపత్రిలో ఏమని వ్రాసియున్నదండి?" అని అడుగును. వారును మొగమాటముచే చెప్పుదురు. సాయంత్రమునకు ఊరంతయు తెలియును. మరునాడు ఆ పిల్ల రాజమహేంద్రవరములో మేనత్త ఇంటనుండి క్షేమముగ తిరిగివచ్చును. వచ్చినది మనిషియే గాని ఇక ఆ ఊరిలో ఆమె బ్రదుకు మునుపటి వలె నుండునా? అంతకంటె పెద్ద నష్టము మరొకటి కలదు. దానిని చూచిన పది మంది స్త్రీలు తమ జబ్బును ఏ.ఎన్.ఎం.తో గాని ఆశా కార్యకర్తతో గాని చెప్పుకొనుట మానుదురు. కావున దస్త్రమును చూచు హక్కు పంచాయతీ సభ్యునికి, సర్పంచునకు సైతము, లేదు. అడుగుటకు పోవద్దు, ఎవరైన చెప్పబోయిన విననక్కరలేదని చెప్పుడు.

కొందరు తప్పిపోరు, తప్పించుకొని పోవుదురు. దెబ్బలు తాళలేక ఇల్లు విడిచిన స్త్రీని వెదకి పెట్టుమని ఆ దెబ్బలు కొట్టినవాడే మీ వద్దకు రావచ్చును. ఆమె ఏ ఆసుపత్రిలో కట్టు కట్టించుకొన్నదో అతనికి తెలిసినచో ఏమగునో మీరెరుగుదురు. వయస్సు వచ్చిన మనిషి క్షేమముగ నున్నట్లు పోలీసులు స్వయముగ చూచి నిర్ధారించుకొన్నచో, "క్షేమముగ నున్నది" అను మాట ఇంటికి చేరిన చాలును. చిరునామా చేరుట ఆమె సమ్మతిపై ఆధారపడవలెను. కుటుంబ పెద్దలకు ఈ మాట రుచింపదు. అయినను చెప్పవలసినవారు మీరే.

ఆచరణలో, ఠాణాకు పోవునప్పుడు ఎస్.ఐ. గారిని ఆసుపత్రికి వ్రాతపూర్వకముగనే అడుగవలసినదిగ కోరుడు. ఆ కాగితములో మనిషి పేరు, ఆనవాళ్లు, కనబడని వేళ, కేసు నంబరు, ప్రాణమునకు ప్రమాదమని తలచుటకు కారణము, అడుగుచున్న ప్రశ్నలు ఉండవలెను. "సమస్త దస్త్రములు పంపవలెను" అను వాక్యము ఉండరాదు. అట్టి కాగితము ఆలస్యమునకే దారితీయును. చట్టాధికారులు అడిగినచో డెబ్బది రెండు గంటలలో దస్త్రముల నకళ్లు ఈయవలెనని 2002 నియమములు చెప్పుచున్నవి గాని, తప్పిపోయిన మనిషికి డెబ్బది రెండు గంటలు చాల దీర్ఘకాలము. కనుక చేరినాడా లేదా, మందు ఏమి అను జవాబు వెంటనే, నకళ్లు పిదప అని అడిగించుడు. తణుకు, పాలకొల్లు, భీమవరము ఆసుపత్రులతో ఊరకొనక, వంతెన అవతలి వాటిని, రాజమహేంద్రవరము, ఏలూరు, కాకినాడ పెద్దాసుపత్రులను గూడ అడిగింపవలెను.

మన రేవులలో, గుడి మండపములలో మతి చలించి తిరుగుచు కనబడువారును ఎచ్చటనో తప్పిపోయినవారే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టపు 100వ సెక్షను ప్రకారము, తన్ను తాను చూచుకొనలేని అట్టి మనిషిని ఠాణా అధికారి రక్షణలోనికి తీసికొని, ఇరువదినాలుగు గంటలలో ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెను, లాకప్పులో ఉంచరాదు, తప్పిపోయిన మనిషిగ ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి కుటుంబమును వెదకవలెను. మీరు ఒక్క ఫోను చేసినచో ఒడిశాలోనో తమిళనాడులోనో వెదకుచున్న తల్లికి కబురు చేరవచ్చును.

చట్టములతో పనిలేని ఉపాయము ఒకటి మిగిలియున్నది. పోలీసులు ఆసుపత్రిని అడుగకమునుపే దొరకు దస్త్రము ఇంటి ట్రంకు పెట్టెలో నుండును. ఆసుపత్రులు లోపల చేర్చుకొన్న రోగుల దస్త్రములను మూడేండ్లే దాచవలెనని నియమము. ఆ పిదప అవి అచ్చట ఉండవచ్చును, ఉండకపోవచ్చును. కాని విడుదల చీటీ, పాత ఎక్స్‌రే, మందుల చీటీలు ఇంటివారి చేతిలోనివే. మతిమరపు, మూర్ఛ, చక్కెర వ్యాధి, గుండె జబ్బు గల పెద్దలున్న ఇండ్లకు పోయినప్పుడు ఆ కాగితములను చెదలు పట్టనీయక ఒక సంచిలో పెట్టుకొనుమని, ఇటీవలి ఫొటో ఒకటి అందు వేయుమని చెప్పుడు. ఇంటిలో పెద్దాయన వాడు మందుల పేర్లు, వేళలు ఒక చీటీపై వ్రాయించి ఆయన చొక్కా జేబులోనే ఉంచిన మరియు మంచిది. ఆ చీటీపై ఇంటి ఫోను నంబరు ఉండవలెను గాని జబ్బు చరిత్ర అంతయు ఉండనక్కరలేదు. ఠాణాకు పోవునాడు ఆ సంచి తీసికొని పొండు. అందులో అవసరమైన కాగితమును మాత్రము ఎస్.ఐ. గారి చేతికిచ్చి, రసీదు తీసికొని, మిగిలినవి ఇంటికి తెచ్చి యథాస్థానమున ఉంచుడు.